గడపకు చేరిన పింఛను, చేరని సంరక్షణ

ప్రతి నెలా సచివాలయ ఉద్యోగులు ఇంటింటికీ వెళ్లి ఎన్టీఆర్ భరోసా పింఛన్లు అందజేస్తున్నారు. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు రూ.4,000, దివ్యాంగులకు రూ.6,000, పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి రూ.15,000 లభిస్తోంది. 80 ఏళ్లలోపు వృద్ధులకు కేంద్రం వాటా రూ.200 మాత్రమే. రాష్ట్రం చేస్తున్న మేలు చిన్నది కాదు.

అయితే సాయంత్రానికి ఎంత శాతం పంపిణీ పూర్తయిందన్నదే సమర్థతకు కొలమానం కారాదు. కోనసీమలో పిల్లలు గల్ఫ్‌కు వెళ్లగా ఒంటరిగా మిగిలిన తల్లికి డబ్బు అందుతుంది. ఆమెకు స్నానం చేయించేదెవరు? వేళకు మందు ఇచ్చేదెవరు?

ముస్లిం వృద్ధ మహిళలకు మరో చిక్కు ఉంది. పుట్టిన తేదీకి పత్రం లేనందున ఆధార్‌లో ఎవరో ఊహించి రాసిన వయసే ఖాయమైపోయింది. ఒక పత్రంలో పేరు చివర 'బేగం', మరొకదానిలో 'బీబీ'. దరఖాస్తును ఆపడానికి ఒక్క అక్షరం చాలునని గుమాస్తాగా పనిచేసిన నాకు తెలుసు. దానిని సరిదిద్దించే భారం మాత్రం నడవలేని ముసలమ్మపైనే పడుతుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది 2007లో. నిరుపేద వృద్ధులకు జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడా ఆశ్రమాలు 'నెలకొల్పవచ్చు' అని 19వ సెక్షన్ చెబుతోంది. 'నెలకొల్పాలి' అనలేదు. 2022 ఏప్రిల్ 4న ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయి కలెక్టరేట్లు పెరిగాయి. ఆశ్రమాల ఊసు కూడా వాటితోపాటే రావలసింది.

కొత్త శాఖ అక్కరలేదు. పింఛను ఇచ్చే ఉద్యోగి మూడు ప్రశ్నలు అడిగితే చాలు: వండిపెట్టేవారున్నారా? మందులు అందుతున్నాయా? లేచి నడవగలుగుతున్నారా? ఆ జాబితా అదే సచివాలయంలోని ఏఎన్‌ఎంకు చేరాలి. వారంలోగా ఆమె ఆ ఇంటికి వెళ్లాలి. పేరు, వయసు సవరణలు ఇంటివద్దనే జరగాలి.

జకాత్, సదఖాలతో ఆదుకోవడం మన విధి. అయితే అది పౌరహక్కుకు బదులు కాదు. వచ్చే ఒకటో తేదీలోగా ప్రతి మసీదు కమిటీ తన మహల్లాలోని నిస్సహాయ వృద్ధుల జాబితాను, కులమతాల ప్రసక్తి లేకుండా తయారుచేసి సచివాలయంలో సమర్పించాలి. రసీదు తప్పక తీసుకోవాలి.