"ఈ పంట దిగనీ, తర్వాత చూద్దాం" అనే మాట గురించి

ఈసారి గూటి రేటు సంగతి కాదు, ఆకుముడత సంగతి కాదు. మన ఒంటి సంగతే కొంచెం మాట్లాడుకుందాం.

షుగరు ఉందని రిపోర్టు చేతికొచ్చిన రోజు మన ఇళ్లలో ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: "ఈ పంట దిగనీ, తర్వాత చూద్దాం." కోలారు పక్క విన్నా, చింతామణి పక్క విన్నా, హోసూరు పక్క విన్నా ఇదే మాట. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదనే. మనకు "తర్వాత" అనేది ఎక్కడుంది? చాకీ పురుగు తెచ్చిన నాటి నుంచి గూడు విడిపించే దాకా మూడు వారాల పైచిలుకు. గూడు మార్కెట్టుకు పోయిన మరుసటి రోజే షెడ్డు కడగాలి, బ్లీచింగు కొట్టాలి, చంద్రికలు ఎండబెట్టాలి. అంతలోనే ఇంకో తోటలో ఆకు సిద్ధంగా ఉంటుంది, చాకీ వాళ్లకు అడ్వాన్సు పోయి ఉంటుంది. ఒక పంట తోక ఇంకో పంట తలకు అంటుకొనే ఉంటుంది. అందులో సందు దొరికినప్పుడు డాక్టరు దగ్గరికి పోతానంటే, ఆ సందు దొరికేసరికి ఏళ్లు గడుస్తాయి.

పంటినొప్పి అయితే ఎవరూ ఇలా అనరు. ఐదో దశలో పురుగు ఉన్నా సరే, మేత ఇంకొకరికి అప్పజెప్పి పరుగెత్తుతారు. షుగరుకు నొప్పి లేదు. అదే దాని దొంగతనం.

నాకు 47వ ఏట తేలింది. అప్పుడు మా పురుగు నాలుగో జ్వరంలో ఉంది. ఆ పంటలోనే మాత్ర మొదలుపెట్టాను, ఆ పంటలోనే తిండి వేళలు మార్చుకున్నాను. గూడు ఎప్పటిలాగానే దిగింది. ఇందులో గొప్పేమీ లేదు. పంట నడుస్తుండగా కూడా ఈ పని అవుతుందని చెప్పడానికే రాస్తున్నాను.

"ఇది పట్నం జబ్బు, కష్టం చేసేవాళ్లకు రాదు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే 2023లో బయటికొచ్చింది. దాని లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. పల్లెల్లో పెద్దవాళ్లు నూరుమందిలో దగ్గర దగ్గర 9 మందికి ఉంది. ఇక కష్టం మాటకొస్తే, మన నాయనల కష్టానికీ మన కష్టానికీ పోలిక లేదు. వాళ్లు గంపల్లో ఆకు తల మీద మోసినారు, రాత్రిళ్లు కూర్చొని చాకీ పురుగుకు ఆకు సన్నగా తరిగినారు, తట్టలు ఎత్తి దించినారు. మనకు డ్రిప్పు వచ్చింది, కొమ్మ మేత వచ్చింది, కోత మిషను వచ్చింది, చాకీ రెడీగా వస్తుంది. పని తగ్గింది, ముద్ద మాత్రం ఆ కాలంనాటి సైజులోనే ఉంది. ఐదో దశ వారం రోజులు వొళ్లు విరిగేంత పని ఉంటుంది, ఒప్పుకుంటాను. మిగతా రోజుల్లో మగవాళ్లం టీ కొట్టు బల్ల మీద ఎంతసేపు ఉంటున్నామో మనకే తెలుసు. ఆ రోజుల్లో తోట చుట్టూ అరగంట గట్టిగా నడిస్తే ఎవరూ నవ్వరు. నవ్వినా నవ్వనీ.

తిండి వేళ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మన ఇళ్లలో అసలు చిక్కు అక్కడే ఉంది. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ల పైన ఐదో దశలోనే తింటుంది. ఆ వారం, పది రోజులు ఇంట్లో గడియారం పురుగుదే. తెల్లవారి మేత, మధ్యాహ్నం మేత, రాత్రి మేత, నడుమ కొమ్మ కోత, బెడ్డు శుభ్రం. మనుషులు ఎప్పుడు తిన్నారో ఎవరికీ గుర్తుండదు. పొద్దున టీ, పదకొండుకు ఇంకో టీ, మూడింటికి ఒకేసారి పెద్ద ముద్ద, రాత్రి పదకొండుకు మిగిలిన అన్నం. షుగరు లేనప్పుడు వొళ్లు దీన్ని ఓర్చుకుంది. షుగరుకు మాత్ర మొదలుపెట్టినాక ఓర్చుకోదు. గ్లిమిపిరైడు లాంటి కొన్ని మాత్రలు వేసుకొని తిండి తప్పిస్తే, షుగరు ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. మెట్‌ఫార్మిను ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. మీది ఏ రకమో మందు రాసిన డాక్టరునే అడగండి, సిగ్గుపడొద్దు.

షుగరు పడిపోతే చెమట పోస్తుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడమంటుంది, మాట తడబడుతుంది. మన షెడ్డులో ఇది కనిపెట్టడం ఇంకా కష్టం. తేమ కోసం తడి గోనెలు కట్టి ఉంటాం, చలికాలం అయితే వేడి పెట్టి ఉంటాం. "లోపల ఉక్క, అందుకే చెమట" అనుకొని పని చేసుకుంటూ పోతారు. మీటరు ఉంటే చూసుకోవాలి, 70 కిందికి వచ్చిందంటే తక్కువైనట్టే. మీటరు లేకపోయినా ఆగకుండా మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి కూర్చోవాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ తాగాలి, తర్వాత ఏదన్నా తినాలి. మనిషి స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికే తీసుకుపోవాలి. అందుకని షెడ్డు వాకిట్లోనే చక్కెర పెట్టుకోండి. మూత గట్టిగా బిగిసే డబ్బాలో మాత్రమే. చీమలు పట్టితే పురుగుకు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లం మనం.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇంట్లో అందరి కన్నా చివర తినేది వాళ్లే. పురుగుకు మేత, పిల్లలకు తిండి, కూలివాళ్లకు తిండి, మగవాళ్లకు తిండి, ఆ తర్వాత గిన్నెలో ఉంటే వాళ్లకు. మగవాడికి షుగరు వస్తే ఇల్లంతా వేళకు వడ్డిస్తుంది. ఆమెకు వస్తే వేళకు వడ్డించేవాళ్లెవరు? మాత్ర వేసుకొని అందరికీ పెట్టి రెండు గంటల తర్వాత తినే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే నాకు భయమవుతుంది. కానుపు సమయంలో షుగరు కనబడిన వాళ్లకు తర్వాత కాలంలో అది వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లు ఏమీ లేకపోయినా అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి. నేను చెప్పేది ఇదీ: ఏ ఇంట్లో మాత్ర వేసుకునే మనిషి ఉన్నారో, ఆడైనా మగైనా, ఆ మనిషి తిన్నాకే ఆ పూట మేత. అరగంట అటూ ఇటూ అయితే గూటి బరువు ఏమీ తగ్గదు. కొడుకులూ కోడళ్లూ దీన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే మా వయసువాళ్లు తమంతట తాము పట్టుకోరు.

ముద్ద గురించి అడగని వాళ్లు లేరు. "రాగి మంచిదే కదా, అన్నం మానేసి మూడు పూటలా ముద్దే తింటున్నాం" అంటారు. రాగిలో నారు ఉంది, సున్నం ఉంది, మంచి తిండే. కానీ అది కూడా పిండి పదార్థమే. నున్నగా ఆడించి మెత్తగా ఉడికించి రెండు పెద్ద ముద్దలు మింగితే షుగరు బాగానే ఎక్కుతుంది. ముద్ద చిన్నది చేసుకొని, దాని పక్కన ఆకుకూర, అలసందలు, అనపగింజలు, గుడ్డు ఎక్కువ చేసుకోవాలి. మన దగ్గర బస్సారు అనేది ఎంత చక్కటి కూర! ఆకు, పప్పు రెండూ అందులోనే ఉన్నాయి. మనం దాని రసం మాత్రం ముద్దకు పోసుకొని పల్యాన్ని పక్కకు తోసేస్తాం. తోసేసేదాన్ని ముందు తినండి. టీలో చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. గూడు తీసుకొని మార్కెట్టుకు పోయిన రోజు ఎన్ని టీలు తాగుతామో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

కాళ్ల విషయంలో మన పనికి తగ్గ అపాయం ఒకటుంది, డాక్టర్లకు అది తెలియదు. చెప్పులు వేసుకొని పురుగు దగ్గరికి పోకూడదని మనకు అలవాటు. వాకిట్లో బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచి వట్టి కాళ్లతో లోపలికి పోతాం. రోగం లోపలికి రాకుండా అది సరైన పద్ధతే. కానీ షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మడమ పగుళ్లలోకి సున్నం, బ్లీచింగు పోయినా మంట తెలియదు. తోటలో కత్తిరింపు తర్వాత మల్బరీ మోడులు ఎంత పదునుగా ఉంటాయో తెలుసు కదా, అవి గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. చిన్న పుండే మానకుండా పెద్దదవుతుంది. షెడ్డు లోపలికి వేరే రబ్బరు చెప్పుల జత పెట్టుకోండి, అవి బయటికి రాకూడదు, వాటినే మందు నీళ్లలో ముంచండి. తోటలోకి మూసి ఉండే బూట్లు. రాత్రి పడుకునే ముందు పాదాల అడుగు భాగం చూసుకోవడం, కంటికి ఆనకపోతే మనవళ్ల చేత చూపించుకోవడం. ఇంతే పని.

మన తోటలో ఆకే మందని చెప్పేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. ఇది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జాగ్రత్తగా చెప్పాలి. మల్బరీ ఆకు పాలలో ఒక పదార్థం ఉంది, అది పేగుల్లో చక్కెర విరిగే పనిని నెమ్మది చేస్తుంది. వేరే పురుగులు కొన్ని ఆ ఆకు తింటే బతకలేవు, మన పట్టు పురుగు దాన్ని తట్టుకునేలా తయారైంది. భోజనం తర్వాత షుగరు ఎక్కడాన్ని ఆ పదార్థం కొంచెం తగ్గిస్తుందని చిన్న చిన్న పరీక్షల్లో కనబడింది. అంతవరకే. మాత్ర మానేసి ఆకు కషాయం తాగమని అది ఎక్కడా చెప్పలేదు. పైగా మనం పురుగుకు వేసే ఆకు మీద ఏమేమి కొట్టామో మనకు తెలుసు. మందు కొట్టి ఇన్ని రోజులు ఆగాకే పురుగుకు వేస్తాం. ఆ లెక్క పాటించకుండా అదే ఆకు మనం మరగబెట్టుకొని తాగుతామా? ఊరికొచ్చి పొడి పొట్లాలు అమ్మి, "మాత్రలు చెత్తబుట్టలో వేయండి" అనేవాడి మాట అసలు వినొద్దు.

పరీక్షల మాటకొస్తే, పరగడుపున 126 లేక అంతకు పైన ఉంటే షుగరు అంటారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, అందులో 6.5 లేక పైన అయితే షుగరు. వేలు గుచ్చి చూసేది ఆ రోజు మార్కెట్టు రేటు లాంటిది, ఇవాళ ఒకటి రేపు ఒకటి. మూడు నెలలది మూడు పంటల సగటు రేటు లాంటిది, దాన్ని దాచలేం. చాలామందికి అది 7 లోపల ఉండేటట్టు డాక్టర్లు చూస్తారు. వయసును బట్టి, వేరే జబ్బులను బట్టి మీకు ఎంత అనేది వాళ్లే చెప్తారు. ఏడాదికి ఒకసారి కళ్లు, మూత్రం, బీపీ కూడా చూపించుకోవాలి. చంద్రికలో పండు పురుగు కనబడడం లేదని అద్దాల కొట్టుకు పోయేవాళ్లు, ముందు కంటి లోపలి నరం చూపించుకోవడం మేలు.

మాత్రల కోసం ఒక రోజు పని పోతుందనే మాట కూడా వింటుంటాను. తమిళనాడులో షుగరు, బీపీ మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టులో మన కృష్ణగిరి జిల్లాలోనే మొదలైంది. కర్ణాటకలో 'గృహ ఆరోగ్య' 2024లో కోలారు జిల్లాలో మొదలైంది. మీ ఊరికి ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో ఆశా కార్యకర్తను అడగండి. ఆమె వచ్చేసరికి మీరు తోటలో ఉంటే, పేరు రాయించుకోవడానికి ఇంట్లో ఎవరినన్నా ఉంచండి. తర్వాతి చాకీకి చెప్పే ముందే ఈ పని చేసేయండి, ఫోను చేతిలోనే ఉంది కదా.