కట్టు వేశాక ఏడుపు ఆగకపోతే...

మూడేళ్ల బాబు మంచం మీంచి పడ్డాడు. మోచేతి ఎముక విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చారు. నొప్పి మందు వేసినా రాత్రంతా ఒకటే ఏడుపు. 'దెబ్బ తగిలింది కదా, ఏడవడా?' అని ఊరుకుంటే ప్రమాదమే!

ముంజేయి, పిక్కల్లోని కండరాల చుట్టూ గట్టి పొర ఉంటుంది. అది సాగదు. దెబ్బకు లోపల వాపు పెరిగితే ఒత్తిడికి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి రక్తం అందదు. దీన్నే 'అక్యూట్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్' అంటారు. కట్టు బిగుతైతే ముప్పు మరీ ఎక్కువ. కొద్ది గంటల్లోనే కండరాలు, నరాలు శాశ్వతంగా దెబ్బతిని చేయి వంకరగా ఉండిపోవచ్చు. ఈ వంకరను జర్మన్ వైద్యుడు వోక్‌మన్ 1881లోనే వివరించారు.

తిమ్మిరి, మొద్దుబారడం పసివాళ్లు చెప్పలేరు. అందుకే పెద్దలు 3 గుర్తులు కనిపెట్టాలి: భయంగా, ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, కుదురు లేకపోవడం, నొప్పి మందు అవసరం అంతకంతకూ పెరగడం. వేళ్లను మెల్లగా చాపినా కెవ్వుమంటే అనుమానించాల్సిందే. నాడి అందుతోంది కదా అని ధీమా పనికిరాదు.

అర్ధరాత్రయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చేతిని గుండెకు సమానమైన ఎత్తులోనే ఉంచాలి. మర్దన, కాపడం వద్దు. డాక్టర్లు ముందు కట్టు విప్పుతారు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ చేసి పొరను కోసి ఒత్తిడి తగ్గిస్తారు. వేళకు చేస్తే ఆ చిట్టి చేయి మళ్లీ బలపం పడుతుంది.