కోటు రంగు దొరికింది, కోటులో మనిషేడి?

నాలుగో భాగం



ఈ భాగం బొమ్మల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

ఇంగ్లాండ్, అమెరికా లాంటి చోట్ల పెద్దవాళ్లు ఆడే ఒక ఆట ఉంది. పాత యుద్ధాలను బల్ల మీద మళ్లీ ఆడతారు. 28 మిల్లీమీటర్ల, 15 మిల్లీమీటర్ల సిపాయి బొమ్మలు కొని, సన్న కుంచెతో రంగులేసి, పటాలాలుగా పేర్చి, కొలబద్దతో జరిపి, పాచికలు వేసి గెలుపోటములు తేలుస్తారు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ ఆఫీసర్ల శిక్షణకు తయారుచేసిన యుద్ధక్రీడ దీనికి పూర్వీకుడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి ఆ ఆటను ఇంట్లో నేల మీదికి తెచ్చాడు.

ఆట కంటే దాని వెనకున్న పరిశోధన పెద్దది. ఈస్టిండియా కంపెనీ సిపాయి కోటు ఎరుపని అందరికీ తెలుసు. ఆ కోటు మెడపట్టీ, చేతిమడతలు ఏ రంగు? దాన్ని ఫేసింగ్ అంటారు, పటాలాన్ని గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. గుండీలు తెల్లవా, పసుపువా? జెండా మీద ఏ యుద్ధం పేరు ఎప్పుడు ఎక్కింది? వీటికోసం ఏళ్ల తరబడి వెతుకుతారు. డబ్ల్యు.వై. కార్మన్ భారత సైన్యపు యూనిఫాంల మీదనే రెండు సంపుటాలు రాశాడు. 1961లో అశ్వికదళం, 1969లో ఫిరంగిదళం, ఇంజనీర్లు, పదాతిదళం. గుండీ గురించి కూడా ఆధారం లేకుండా మాట్లాడకూడదన్న వాళ్ల పట్టుదల నాకు నచ్చింది. నా తగాదా దానితో కాదు. ఆ వెతుకులాట గుడ్డ దగ్గర ఆగిపోవడంతో.

కోరెగావ్ తీసుకుందాం. 1818 జనవరి 1. కెప్టెన్ స్టాంటన్ కింద బొంబాయి నేటివ్ ఇన్ఫాంట్రీ ఒకటో రెజిమెంట్ రెండో బెటాలియన్ సిపాయిలు సుమారు 500 మంది, కొద్దిపాటి గుర్రపుదళం, మద్రాసు ఫిరంగిదళం వాళ్లతో రెండు ఆరు పౌండ్ల ఫిరంగులు. ఎదురుగా రెండో బాజీరావు పీష్వా సైన్యం. బల్ల మీద దీన్ని పేర్చాలనుకునేవాడు రెండు వైపులా దుస్తులు వెతుకుతాడు. ఇటు ఎర్రకోటు, అటు అరబ్బు కాల్బలం తలపాగాలు. అన్నీ నమోదవుతాయి.

నమోదు కానిది ఒకటుంది. ఆ పీష్వాల రాజ్యంలో మరో యూనిఫాం ఉండేది. పుణెలో అంటరానివాడు తన అడుగుజాడ తానే తుడుచుకుంటూ పోవడానికి నడుముకు చీపురు కట్టుకోవాలి. ఉమ్ము నేల మీద పడకుండా మెడలో కుండ వేలాడేసుకోవాలి. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఇది రాశాడు. చీపురు, కుండ. ఇది కూడా రాజ్యం నిర్ణయించిన దుస్తే కదా? ఎవడు ఏం తొడుక్కోవాలో, చూడగానే వాడెవడో ఎట్లా తెలియాలో చెప్పే నియమమే కదా? సైనిక దుస్తుల చరిత్రలో దీనికి ఒక్క పుట ఎందుకు ఉండదు? ఆ చీపురు పక్కన పెడితే తప్ప ఆ ఎర్రకోటు అర్థం కాదు. మహర్ సిపాయికి అది ఒంటి మీద గుడ్డ మాత్రమే కాదు. పక్కనున్న సవర్ణ సిపాయి తొడుక్కున్న కోటే తనూ తొడుక్కోవడం.

"యూనిఫాంకీ కులానికీ సంబంధమేంటి సార్?" అనేవాళ్లను వేలూరుకు తీసుకుపోతాను. 1806 జూలై 10. మద్రాసు సైన్యంలో కొత్త ఆజ్ఞలు వచ్చాయి. నొసట కులం బొట్టు ఉండకూడదు, గడ్డాలు కత్తిరించాలి, చెవిపోగులు తీసెయ్యాలి, తోలు కుచ్చున్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. ఆ తోలు ఆవుదో పందిదో అన్న అనుమానం రగిలింది. కోటలో టిప్పు కొడుకులు బందీలుగా ఉన్నారు. తిరగబడ్డ సిపాయిలు కోట మీద మైసూరు జెండా ఎగరేశారు. కారణాలు చాలా ఉన్నాయి, ఆ తిరుగుబాటును నేను చిన్నది చెయ్యడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. తోలు తగిలితే మైలపడే నెత్తి ఎవరిది? తోలు పనితో బతికిన మాదిగ నెత్తి కాదు గదా! సిపాయి తలపాగా చరిత్ర రాస్తూ ఈ ప్రశ్న వదిలేసేవాడు సగం తలపాగానే చూశాడు.

కోరెగావ్‌కు మళ్లీ వద్దాం. అక్కడి స్తంభం మీద చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు 49 ఉన్నాయి. అందులో 22 పేర్లు 'నాక్' అని ముగుస్తాయి. అది మహర్ల పేర్ల చివర వచ్చే మాట. అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి వెళ్లింది ఆ పేర్ల కోసమే. ఆ పటాలానికి గ్రెనేడియర్స్ అన్న బిరుదు, కోరెగావ్ పేరుతో యుద్ధగౌరవం దక్కాయి. బిరుదు మిగిలింది, మనుషులను మాత్రం గెంటేశారు. 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం తెచ్చి 1892లో మహర్లకు సైన్యం తలుపులు మూశారు. 1894లో గోపాల్ బాబా వలంగ్కర్ అనే రిటైర్డ్ సిపాయి అర్జీ రాశాడు. 1910లో శివ్‌రామ్ జాన్బా కాంబ్లే మళ్లీ రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కావలసొచ్చి 1917లో ఒక మహర్ పటాలం లేపారు, యుద్ధం అయ్యాక ఎత్తేశారు. కంపెనీ మన ఉద్ధారకుడని చెప్పేవాళ్లు ఈ తేదీలు వరసగా చదవాలి.

1941 అక్టోబర్‌లో బెల్గాంలో మహర్ రెజిమెంట్ పుట్టింది. అంబేడ్కర్ వైస్రాయ్ రక్షణ సలహా కమిటీలోకి వెళ్లిన ఏడాది అది. దాని మొదటి టోపీ బిళ్ల మీద కోరెగావ్ స్తంభం ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత స్తంభం పోయి బాకు వచ్చింది. టోపీ బిళ్లల మార్పులను ఈ వ్యాపకంవాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు. పాత నమూనా, కొత్త నమూనా అని. మనకది నమూనా మార్పు కాదు. 22 పేర్లను నెత్తి మీంచి దింపెయ్యడం.

ఇప్పుడు మనవాళ్లతో ఒక మాట. "500 మంది మహర్లు 28 వేల పీష్వా సైన్యాన్ని ఓడించారు" అని పోస్టర్లు వేస్తున్నారు. వెయ్యకండి. ఆ 500 మందిలో మహర్లు చాలామంది, కానీ అందరూ కాదు. స్తంభమే చెప్తోంది, 49లో 22. పీష్వా దగ్గరున్న 28 వేలలో ఊళ్లోకి దూరి పోరాడింది 2 వేల మంది దాకా. జనరల్ స్మిత్ సైన్యం వస్తోందన్న భయంతో పీష్వా వెనక్కి తగ్గాడు. ఇది చెప్తే మన గౌరవం తగ్గుతుందా? రోజంతా తిండీ నీళ్లూ లేకుండా నిలబడ్డ మనుషులకు మన అతిశయోక్తి అక్కర్లేదు. మనం ఒక అంకె పెంచితే ఎదుటివాడు ఆ ఒక్క అంకె పట్టుకుని 22 పేర్లనూ అబద్ధమంటాడు. 2018 జనవరి 1న ఆ స్తంభం దగ్గరికి వెళ్లినవాళ్ల మీద దాడి జరిగింది. తర్వాత కేసులు హైదరాబాద్ దాకా వచ్చి వరవరరావును జైల్లో పెట్టాయి. ఇంత ఖరీదైన చరిత్రలో పొరపాటు అంకె పెట్టుకు తిరిగే వెసులుబాటు మనకు లేదు.

అందుకే ఆ బొమ్మలవాళ్ల పట్టుదల మనం అరువు తెచ్చుకోవాలి. గుండీ కోసం వాళ్లు వెతికినట్టు పేరు కోసం మనం వెతకాలి. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవాళ్లు. తొలినాళ్ల సిపాయిలు తెలుగు నేల నుంచి వెళ్లారు గనక మన పేరే యూనిఫాం తొడుక్కున్నవాడి పేరైంది. ఆ తిలంగాల్లో మాలలెందరు, మాదిగలెందరు? ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు సైనిక శాఖ కాగితాలున్నాయి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. పీహెచ్‌డీ అంశం దొరకలేదని నా దగ్గరికొచ్చే పిల్లలకు చెప్తున్నాను, ఇదిగో అంశం.

అంత దూరం పోలేనివాళ్లు మీ పేటలో మొదలుపెట్టండి. మిలిటరీలో చేసిన తాత ఇంట్లో ట్రంకుపెట్టె తెరిపించండి. డిశ్చార్జ్ పుస్తకం, పెన్షన్ కాగితం, ఫోటో. పతకం దొరికితే దాని అంచు తిప్పి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. ఫోటో తియ్యండి, ఊరి పేరు రాసి పెట్టుకోండి. పాత సామాన్లవాడికి అమ్మనివ్వకండి.

వచ్చే భాగంలో వలంగ్కర్ అర్జీ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.