ఇంజను దించాల్సిందేనా?

మారేడుమిల్లి ఘాటెక్కే పాత మహీంద్రా జీపు. క్లచ్ ప్లేటు పోయింది. రాజమండ్రి షెడ్లో ఒకటే మాట: “ఇంజను దింపాలండీ.” ఎందుకయ్యా అంటే, బెల్ హౌసింగ్ పై బోల్టులకి స్పానర్ దూరదట!

దూరదు, నిజమే. కానీ గేరుబాక్సు కింద జాకీ పెట్టి, క్రాస్‌మెంబర్ విప్పి, కాస్త దించండి. ఇంజను వెనక్కి వాలుతుంది, బోల్టు తల బయటపడుతుంది. పొడుగు ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింటు, ఆరు పలకల సాకెట్ చాలు. ఫ్యాను రేడియేటర్‌కి తగలకుండా చూస్కోవాలంతే.

ఇంజను దించితే బండి రోజుల తరబడి షెడ్లోనే. పోయేది మేస్త్రి కూలి కాదు, డ్రైవరు కిరాయిలు.

మేస్త్రిని తిట్టేముందు మన సంగతి చూసుకుందాం. పాత కోడ్‌లో ఒక్క బగ్ చేతికందకపోతే “మొత్తం తిరగరాయాలి” అనేది మనమే కదా? క్రాస్‌మెంబర్ ఎక్కడుందో వెతికామా? ఏమంటారు?