నేలపై నిక్షేపంగా.. నింగిలో నిశ్శబ్దంగా!

గగనతలంలో రేడియో మూగబోయిందని పైలట్‌ ఫిర్యాదు చేస్తారు. విమానం దిగాక సాంకేతిక సిబ్బంది మీట నొక్కి పరీక్షిస్తే మాట స్పష్టంగా వినిపిస్తుంది. 'లోపం కనిపించలేదు' అని పుస్తకంలో రాసి సంతకం చేస్తారు. మర్నాడు అదే విమానం, అదే ఫిర్యాదు. పూర్తిగా చెడిపోయిన పరికరమే నయం, దాన్ని మార్చి ఊరుకోవచ్చు. వచ్చిపోయే విద్యుత్‌ లోపంతోనే అసలు చిక్కు.

పౌర విమానాల్లో పైలట్లు, నియంత్రణ కేంద్రాల సంభాషణ ప్రధానంగా 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య సాగుతుంది. మాట తెగిందంటే తప్పు రేడియో పెట్టెదే కానక్కరలేదు. వదులైన కనెక్టర్‌, నీరు చేరిన యాంటెన్నా అడుగుభాగం, సరిగా లేని ఎర్తింగ్‌, అరిగిన మైకు మీట.. ఏదైనా కావచ్చు. పైకి వెళ్లినప్పుడు చలికి లోహం ముడుచుకుంటుంది, ప్రకంపనలకు సోల్డర్‌ చీలిక విచ్చుకుంటుంది. దిగాక వేడెక్కి మళ్లీ అతుక్కుంటుంది. విశాఖ వంటి తీర నగరాల్లో నిలిపే విమానాలకు ఉప్పుగాలి బెడద అదనం. మైకు మీట ఇరుక్కుపోతే మరీ ప్రమాదం. ఒక్క విమానం కారణంగా ఆ తరంగంపై ఉన్న వారందరి మాటా ఆగిపోతుంది.

పైలట్‌ను అడిగారా?

పరీక్ష పరికరాలకన్నా ముందు పైలట్‌ను ప్రశ్నించడం అవసరం. ఎంత ఎత్తులో జరిగింది? వర్షంలోనా, మలుపులోనా? వినడం ఆగిందా, మాట్లాడటమా? ఆ తర్వాత ఒకటో రేడియోను, రెండో రేడియోను పరస్పరం మార్చి చూడాలి. లోపం పెట్టెతోపాటు వెళ్తే పెట్టెది, ఉన్నచోటే ఉంటే తీగలది. అయితే ఇది తేలడానికి కొన్ని ప్రయాణాలు పడుతుంది. అరగంట, ముప్పావుగంటలో మళ్లీ ఎగరాల్సిన విమానం వద్ద అంత ఓపిక ఎవరికుంటుంది? పెట్టె మార్చి పంపేయడమే తేలిక.

రేడియోది కాకపోయినా ఇలాంటి లోపమే ఎంత దూరం తీసుకెళ్తుందో 2014 డిసెంబరు 28న వెల్లడైంది. సురబయ నుంచి సింగపూర్‌ వెళ్తున్న ఎయిర్‌ఏషియా ఎ320 జావా సముద్రంలో కూలి 162 మంది మరణించారు. రడ్డర్‌ కదలికను పరిమితం చేసే పరికరంలో సోల్డర్‌ చీలిందని ఇండోనేషియా దర్యాప్తు సంస్థ 2015 డిసెంబరులో తేల్చింది. అంతకుముందు ఏడాది వ్యవధిలో ఆ లోపం 23 సార్లు తలెత్తింది, విరామం తగ్గుతూ వచ్చింది. చివరి ప్రయాణంలో నాలుగుసార్లు హెచ్చరిక వెలిగింది. అనంతరం కంప్యూటర్లకు విద్యుత్‌ నిలిచి ఆటోపైలట్‌ తప్పుకొంది, విమానాన్ని సిబ్బంది అదుపు చేయలేకపోయారు. చీలిక ఒక్కటే వారి ప్రాణాలు తీయలేదు. కానీ ప్రతిసారీ విడిగా చూసి మూసేసిన ఫిర్యాదులను ఒకచోట పేర్చి చూసి ఉంటే ఆ పరికరం ముందే బల్లపైకి చేరేది.

రేడియో పూర్తిగా ఆగితే దారులు లేకపోలేదు. ట్రాన్స్‌పాండర్‌పై 7600 సంకేతం పెడితే నియంత్రణ కేంద్రానికి విషయం తెలుస్తుంది, టవర్‌ నుంచి నిలకడైన పచ్చకాంతి చూపితే దిగవచ్చు. రద్దీ విమానాశ్రయంలో, మబ్బుల్లో ఇవి ఎంతమేరకు ఆదుకుంటాయన్నది వేరే మాట. పదేపదే తలెత్తే లోపాలను నమోదు చేసి విశ్లేషించాలని మన దేశంలోనూ డీజీసీఏ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. కొత్త ఫిర్యాదు రాసేముందు వెనకటి పేజీలు తిప్పి చూసే తీరిక సిబ్బందికి దక్కుతోందా అన్నదే సంస్థలు చెప్పాల్సిన జవాబు.