హోరు తగ్గిన పాటలు

మీ అబ్బాయి గదిలోంచి డ్రమ్ముల మోత వినిపించగానే "ఆ గోల ఆపరా!" అని కేకేస్తున్నారా? ఈసారి లెడ్ జెప్పెలిన్ మూడో ఆల్బమ్ పెట్టమనండి.

ఈ ఇంగ్లండు రాక్ బృందం 1969లో తెచ్చిన రెండు ఆల్బమ్‌లూ చెవులు హోరెత్తించినవే. కచేరీలు చేసి చేసి అలసిపోయిన గిటారిస్టు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1970లో వేల్స్ కొండల్లో ఒక పాత ఇంట్లో మకాం పెట్టారు. అక్కడ కుళాయి లేదు, కరెంటూ లేదు. వాగు నీళ్లు తెచ్చి కాచుకోవడమే! (మన అమ్మమ్మల కాలం గుర్తొస్తోంది కదూ?) కరెంటే లేనిచోట ఎలక్ట్రిక్ గిటారు ఏం మోగుతుంది? మామూలు చెక్క గిటార్లతోనే కొన్ని పాటలు కట్టారు.

ఆ అక్టోబరులో రికార్డు విడుదలైంది. బ్రిటన్, అమెరికాల్లో మొదటి స్థానానికి ఎక్కింది గానీ, చాలా పత్రికలు పెదవి విరిచాయి. ఆవకాయ అన్నం కోసం విస్తరి ముందు కూర్చున్నవాళ్లకి పెరుగన్నం వడ్డించినట్టయింది పాపం! జనం మెచ్చిన హోరుని పక్కనపెట్టడానికి గుండె ధైర్యం కావాలని నాకనిపిస్తుంది. 1971లో వచ్చిన వాళ్ల 'స్టెయిర్‌వే టు హెవెన్' కూడా మెత్తగానే మొదలవుతుంది మరి.

అన్నట్టు, మూడో ఆల్బమ్‌లో మొదటి పాట మాత్రం పాత హోరే సుమండీ! ఏడో పాట నుంచి పెట్టమనండి. అబ్బాయి పక్కన కూర్చుని రెండు పాటలు వినండి, కేకలు తర్వాత.