కిటికీ పక్కన కుర్చీ

ఫోటోల విషయంలో మన సికిందరాబాదు వారు కాస్త గర్వపడినా తప్పులేదు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీన్ దయాళ్ స్టూడియో పెట్టి పేరు తెచ్చుకున్నది ఈ ఊళ్లోనే గదా! ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా చేసుకుని, ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చారు. పరదా స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిస్తే, అక్కడ ఫోటోలు తీసిందీ స్త్రీయే. 1905లో ఆయన కాలం చేశారు.

ఆ రోజుల్లో బొమ్మకొక గాజు పలక. పలక చెడితే డబ్బు దండుగ. అందుచేత ముందు వెలుతురు చూసుకుని, తరువాతనే బొమ్మ తీసేవారు. ఇప్పుడు ఫోనులో ఎన్ని తీసినా ఖర్చు లేదు. కనుక వెలుతురు సంగతి ఎవరికీ పట్టదు.

దాని ఫలితం ఎప్పుడు తెలుస్తుందంటారా? ఇంట్లో పెద్దవారు పోయి, పటం కట్టించవలసి వచ్చినప్పుడు. మా మేనత్త పోయినప్పుడు ఇంట్లో నాలుగు ఫోనులు వెతికారు. మనవడి పుట్టినరోజు కేకు ఇరవై వైపులనుంచి ఉన్నది. ఆమె మాత్రం ఎవరి భుజం వెనకనో సగం ముఖంతో ఉన్నది. చివరకు పెళ్లి గుంపులోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయిస్తే, కళ్లు మసకబారాయి.

అందుకని ఈ ఆదివారం ఒక పని చేయండి. పగటిపూట దీపాలార్పి, కిటికీ పక్కన కుర్చీ వేసి, నాయనమ్మగారిని కూర్చోబెట్టండి. ఉత్తరపు కిటికీ అయితే మరీ మంచిది. ఏడాదిలో చాలా నెలలు అటునుంచి నేరుగా ఎండ పడదు. కిటికీ ఆమె వెనక కాక, పక్కగా ఉండాలి. రెండో చెంప చీకటిగా ఉంటే, అటువైపు ఎవరినైనా తెల్ల పంచె పరచి పట్టుకోమనండి. ఫ్లాష్ వద్దు.

కెమెరా లోపలి సంగతి కుళాయి, బిందె లాంటిదే. కుళాయి ఎంత తిప్పామన్నది అపెర్చర్. ఎంతసేపు వదిలామన్నది షట్టర్. వెలుతురు తక్కువైతే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆలోగా చెయ్యి వణికితే బొమ్మ అలికినట్టవుతుంది. కనుక మోచేతులు డొక్కలకు ఆనించి పట్టుకోండి. ముందుగా లెన్సు మెత్తని గుడ్డతో తుడవండి. మరీ దగ్గరగా వెళితే ముక్కు పెద్దదవుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, ఆమె కళ్ల ఎత్తుకు వంగి, తెరమీద ఆమె కంటిని తాకి అప్పుడు నొక్కండి.

“ఈ వయసులో నాకెందుకురా ఫోటో?” అంటారావిడ. ఆవిడ పెళ్లి ఎన్ని రోజులు జరిగిందో అడగండి. జవాబు చెప్పేటప్పుడు ముఖంలోకి వచ్చే వెలుగు ఏ కిటికీ ఇవ్వలేదు.

ఆ బొమ్మ ఫోనులోనే ఉంచేయకండి. కాగితం మీద వేయించి ఆవిడ చేతికివ్వండి. పటం సంగతి తరువాత. ముందు ఆవిడను చూసుకోనివ్వండి.